మన బడి లెక్కలు – నాలుగో పాఠం: పద్నాలుగు అనే అంకె

గత పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లల సంఖ్యను ఉపాధ్యాయుల సంఖ్యతో భాగించి, వచ్చిన అంకెను నోటు పుస్తకంలో రాసుకోమన్నాను. లెక్క సరైనదే. దాన్ని అక్కడితో వదిలేయడం మాత్రం నా తప్పు. జవాబులు పంపినవారిలో చాలామంది తమ బడికి పదకొండో, పద్నాలుగో, పదహారో వచ్చిందని, ప్రైవేటు బడిలో గదికి నలభై మంది ఉంటారు కాబట్టి తమ బడికి ఢోకా లేదని సంతోషంగా రాశారు. ఒక పాఠకుడు మరో అడుగు ముందుకు వేశారు. ఆ అంకెను పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో చదివి వినిపించారు. రెండో టీచరు కోసం మండల విద్యాధికారికి ఇవ్వాలనుకున్న అర్జీని, ఇక అవసరం లేదని పక్కన పెట్టించారు. ఆ బడిలో ఉన్నది పద్నాలుగు మంది పిల్లలు, ఒకే ఒక్క టీచరు.

అందుకని ఈసారి చెప్పాల్సిన చదువు స్థాయి పాఠం కొంత వెనక్కు జరిగింది. ముందు ఆ అర్జీ మళ్లీ బయటకు రావాలి.

మనం మొదటి పాఠం నుంచి వాడుతున్న ఊహా పాఠశాలనే తీసుకోండి. 28 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. అక్కడా ఒక టీచరుకు పద్నాలుగు మందే. అర్జీ పక్కన పెట్టిన బడిలోనూ పద్నాలుగే. రెండు బడులూ ఒకటేనా? బడిలో ఐదు తరగతులు ఉంటాయన్న సంగతి మన భాగహారంలో ఎక్కడా లేదు. పిల్లలు ఎంత తక్కువ ఉన్నా తరగతులు తగ్గవు. ఒకటో తరగతిలో నలుగురే ఉన్నా వాళ్లకు అక్షరాలు నేర్పాలి, ఐదో తరగతిలో ఆరుగురే ఉన్నా వాళ్లకు భిన్నాలు చెప్పాలి.

కాబట్టి పిల్లల్ని కాకుండా నిమిషాల్ని పంచుదాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఒకే టీచరు ఆ సమయాన్ని ఐదు తరగతులకు పంచితే తరగతికి 48 నిమిషాలు వస్తాయి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆ 48 నిమిషాల్లోనే. మిగతా మూడు గంటల పన్నెండు నిమిషాలు పిల్లవాడు పలక ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఇద్దరు టీచర్లుంటే తరగతికి 96 నిమిషాలు. ఇప్పుడు 150 మంది పిల్లలు, ఐదుగురు టీచర్లు ఉన్న బడిని చూడండి. అక్కడ టీచరుకు ముప్పై మంది. మీ అందరి లెక్క ప్రకారం అది మన 28 మంది బడి కన్నా అధ్వానం. కానీ అక్కడ ప్రతి తరగతికీ 240 నిమిషాలూ టీచరు ఎదురుగా ఉంటారు.

నిజంగా పాఠం చెప్పేవాళ్లు గడియారం పెట్టుకుని ఇలా పంచుకోరని నాకూ తెలుసు. ఒకటి, రెండు తరగతుల్ని ఒక గుంపుగా, మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని మరో గుంపుగా కూర్చోబెట్టి చెబుతారు. ఒక గుంపు రాస్తుంటే ఇంకో గుంపుతో మాట్లాడతారు. బహుళ తరగతి బోధన పెద్ద విద్య. అది బాగా వచ్చిన టీచరు 96 నిమిషాల్ని 150గా సాగదీయగలరు, 240 మాత్రం చేయలేరు. ఇద్దరిలో ఒకరు శిక్షణకో, సమావేశానికో, సెలవు మీదో వెళ్లిన రోజున తరగతికి మళ్లీ 48 నిమిషాలే.

చట్టం రాసినవాళ్లు ఈ సంగతి గమనించారు. ప్రాథమిక తరగతులకు ఎంతమంది టీచర్లు ఉండాలో చెప్పే పట్టిక మొదటి వరుసలో ‘60 మంది వరకు ఇద్దరు’ అని ఉంది. కింది హద్దు లేదు. పద్నాలుగు మంది ఉన్నా ఇద్దరే. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం. 200 దాటిన తర్వాతే నలభై మందికి ఒకరు అన్న నిష్పత్తి పనికొస్తుంది. చిన్న బడికి నిష్పత్తితో పనే లేదు. రాష్ట్రాలు పోస్టుల సర్దుబాటు చేసినప్పుడు తక్కువ మంది ఉన్న బడులకు ఒక్క పోస్టుతో సరిపెట్టిన సందర్భాలున్నాయి. అందుకే అర్జీలో ‘మా నిష్పత్తి’ అని రాయకండి, ‘చట్టం పట్టికలోని మొదటి వరుస’ అని రాయండి.

ఆంధ్రప్రదేశ్ నుంచి ఒకరు అడిగారు, తమ బడిలో కొన్నేళ్లు ఒకటి, రెండు తరగతులే ఉన్నాయి, ఆ ఏళ్లను ఎలా లెక్కించాలని. 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం కొన్ని బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ ఉత్తర్వును వెనక్కు తీసుకున్నారు. మీ బడి అందులో ఉంటే ఆ ఏళ్ల మొత్తం పిల్లల సంఖ్యను ముందు ఏళ్లతో గానీ తర్వాతి ఏళ్లతో గానీ పోల్చకండి. ఒకటో తరగతిని ఒకటో తరగతితోనే పోల్చండి.

టీచర్లను ఎలా లెక్కపెట్టాలో గతసారే చెప్పాను, మళ్లీ చెప్పను. ఒక్క మాట: జీతం ఇక్కడ, పాఠం ఇంకో బడిలో ఉన్నవారిని, అంటే పని సర్దుబాటు కింద వెళ్లినవారిని, లెక్కలోకి తీసుకోకండి. రేపు ఉదయం ప్రార్థన వేళ ఎవరు నిలబడి ఉంటారో వాళ్లే మీ టీచర్లు.

ఇక పిల్లల సంఖ్య. కొందరు జూన్‌లో బడిబాట, అంటే పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం, అయిన వెంటనే రాసిన అంకె పంపారు, కొందరు యూడైస్ అంకె పంపారు. యూడైస్ అంటే దేశంలోని బడులన్నింటి నుంచి ప్రభుత్వం ఏటా సేకరించే వివరాలు. అది సెప్టెంబరు 30 నాటి లెక్క. జూన్‌లో పేరు రాయించుకుని ఆగస్టులో పట్నం బడి బస్సెక్కినవాళ్లు అందులో ఉండరు. ఏటా ఒకే తేదీ అంకె తీసుకుంటే చాలు. నేను సెప్టెంబరు 30నే వాడతాను.

‘పోయినేడు 31, ఈ ఏడు 28, ముగ్గురు మానేశారు’ అని ఒకరు రాశారు. మన ఊహా పాఠశాల అంకెలే ఇచ్చాను కదా, చూడండి. పోయినేడు ఒకటి నుంచి ఐదు వరకు వరసగా 8, 6, 6, 6, 5. ఈ ఏడు 4, 7, 5, 6, 6. ఐదో తరగతి పూర్తయిన ఐదుగురు రికార్డు షీటు, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం, తీసుకుని హైస్కూలుకు వెళ్లారు. మధ్యలో ఇద్దరు వెళ్లిపోయారు. కొత్తగా నలుగురు చేరారు. ‘మూడు’ అన్నది ఎవరి సంఖ్యా కాదు. ఇక్కడ భయపెట్టేది ఒకటో తరగతి ఎనిమిది నుంచి నాలుగుకు పడటం. దాని జవాబు బడిలో దొరకదు. అంగన్‌వాడీకి వెళ్లి ఊళ్లో ఐదేళ్లు నిండినవాళ్లు ఎంతమందో అడగండి. నలుగురే ఉంటే పుట్టినవాళ్లు తక్కువ. తొమ్మిది మంది ఉంటే మిగతా ఐదుగురూ మూడేళ్లకే నర్సరీ వ్యాను ఎక్కి ఉంటారు.

హాజరుకు నాదొక అడ్డదారి ఉంది. ప్రాథమిక తరగతుల బిడ్డకు మధ్యాహ్న భోజనంలో రోజుకు 100 గ్రాముల బియ్యం. ఆ రోజు వండిన బియ్యాన్ని కిలోల్లో అడిగి పదితో గుణించండి. 2.3 కిలోలు వండితే 23 మంది వచ్చినట్టు. హాజరు పట్టీతో సరిపోయిందా సంతోషం, సరిపోలేదా మర్యాదగా అడగండి. కోడిగుడ్డు పెట్టే రోజును మాత్రం వదిలేయండి, నా అనుభవంలో ఆ రోజు హాజరు వేరు.

ఇప్పుడు నన్ను ముప్పై ఏళ్లుగా వేధిస్తున్న విషయానికి వస్తాను. శాతం.

వచ్చిన జవాబుల్లో ‘మా మూడో తరగతిలో చదవగలిగినవారు 60 శాతం’ అన్నది ఒకటి ఉంది. తరగతిలో ఎంతమంది అని అడిగితే ఐదుగురు. అంటే ముగ్గురు చదువుతారు, ఇద్దరు చదవలేరు. ఆ మాటే రాయడానికి ఏమిటి కష్టం? ఐదుగురిలో ఒక్కో పిల్లవాడు ఇరవై శాతం. ఒక పిల్లకు పరీక్ష రోజు జ్వరం వస్తే మీ బడి ఫలితం ఇరవై శాతం కూలిపోతుంది. మరుసటి ఏడు తరగతిలో ఆరుగురుండి ముగ్గురే చదివితే ‘60 నుంచి 50కి పడిపోయింది’ అంటారు. పడిపోయినవాళ్లెవరు? చదివేవాళ్లు అప్పుడూ ముగ్గురే, ఇప్పుడూ ముగ్గురే. పైగా వాళ్లూ వీళ్లూ వేరు పిల్లలు. పోయినేటి మూడో తరగతి ఇప్పుడు నాలుగులో ఉంది.

నేను మూడో తరగతి చెప్పిన ఒక ఏడాది నాకూ ఐదుగురే. నలుగురు ధారాళంగా చదివేవారు, 80 శాతం. సంక్రాంతి తర్వాత ఇద్దరు కవల పిల్లలు తల్లిదండ్రులతో ఇటుక బట్టీలకు వెళ్లిపోయారు. ఇద్దరూ బాగా చదివేవాళ్లే. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు చదువుతారు, 67 శాతం. ఫలితాలు పదమూడు శాతం ఎందుకు తగ్గాయో సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. ఇంకో ఏడాది దీనికి తిరగబడింది. ఐదుగురిలో చదవలేని ఒక పిల్లవాణ్ని మేనమామ తన ఊరికి తీసుకెళ్లాడు. ముగ్గురు చదివే ఐదుగురు కాస్తా ముగ్గురు చదివే నలుగురయ్యారు. 60 ఒక్కసారిగా 75 అయింది. సమావేశంలో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. నేను చేసిన పనల్లా ఆ పిల్లవాడి పేరు కొట్టేయడమే.

ఈ రెండో ఉదాహరణ దగ్గర కాసేపు ఆగండి. శాతంతో బడిని మెచ్చుకుంటే, వెనకబడిన పిల్లవాణ్ని చేర్చుకోకపోవడం ఫలితాలు పెంచే దగ్గరి దారి అవుతుంది. ఏప్రిల్‌లో వలస నుంచి తిరిగొచ్చి అక్షరాలు మరిచిపోయిన పిల్లను మళ్లీ చేర్చుకున్న టీచరు శాతంలో నష్టపోతుంది. ఆమెను తప్పుపట్టే అంకెను మనం ఎందుకు తయారుచేయాలి?

శాతం ఒక్కోసారి మనకు పనికొస్తుంది కూడా. ప్రభుత్వ బడిలో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదని విద్యాహక్కు చట్టం 26వ సెక్షను చెబుతుంది. మన బడికి రెండు పోస్టులు. పది శాతం అంటే టీచరులో ఐదో వంతు. ఐదో వంతు టీచరు ఖాళీగా ఉండటం కుదరదు కాబట్టి రెండు పోస్టుల బడిలో ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. అర్జీలో ఇది రెండో పేరా.

పల్లె పిల్లలు ఎంతవరకు చదవగలరో చెప్పే అసర్ సర్వే నివేదికలో ఉన్న శాతాల మాటేమిటని అడిగారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2005లో మొదలైన ఆ సర్వేలో జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు తీసుకుంటారు. పరీక్షించేది ఇంటి దగ్గర, బడిలో కాదు. అది రాష్ట్రం గురించి, జిల్లా గురించి చెప్పే అంకె. దాన్ని మీ ఊరి ఐదుగురికి తగిలించకండి. వాళ్ల పరీక్ష పద్ధతి మాత్రం నాకు ఇష్టం. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ – నాలుగు మెట్లు. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో పేరు పక్కన రాయడమే. ముప్పై మంది లోపు ఉంటే నేను శాతం రాయను, పేర్లు రాస్తాను. ముప్పై ఎందుకంటే గీతల నోటు పుస్తకంలో ఒక పేజీకి పట్టేది అంతే. కంప్యూటర్లో పట్టిక తయారుచేసుకుంటామన్నవారు చేసుకోండి గానీ, అది అడగకుండానే శాతాలు వేసిపెడుతుంది, జాగ్రత్త.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, నెల రోజులు పడుతుంది.

ఇప్పుడు ఐదో తరగతిలో ఉండాల్సిన పిల్లలు, అంటే నాలుగేళ్ల కిందట ఒకటో తరగతిలో చేరినవాళ్ల పేర్లన్నీ అడ్మిషన్ రిజిస్టరు నుంచి రాసుకోండి. హెచ్‌ఎంను ముందే అడిగి వెళ్లండి. బడి పనితీరు చూడటం పాఠశాల యాజమాన్య కమిటీ బాధ్యతల్లో ఉంది కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఒక్కో పేరుకు ఒక్కో గీత: ఇప్పుడు ఎక్కడ చదువుతోంది, ఏ తరగతి, వెళ్లిపోతే ఏ నెలలో, నాలుగు మెట్లలో ఎక్కడ. వెళ్లిపోయిన పిల్లల ఇంటికి వెళ్లినప్పుడు ‘ఎందుకు మాన్పించారమ్మా’ అని మొదలుపెట్టకండి. ‘ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడమ్మా’ అనండి, కారణం ఆమే చెబుతుంది. మధ్యలో కొత్తగా చేరినవాళ్లకు విడిగా ఇంకో పేజీ.

దీంతోపాటు పది పనిదినాలు, మధ్యాహ్న భోజనం వేళకు బడిలో ఎంతమంది టీచర్లున్నారో ఒక్క అంకె. లేనివారి పేరు వద్దు, కారణం రాయండి: సెలవు, శిక్షణ, సమావేశం, ఇతర పని. చదువుకు సంబంధంలేని పనుల్లో జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరేదీ టీచరుకు అప్పగించకూడదని 27వ సెక్షను అంటుంది కాబట్టి ‘ఇతర పని’ ఏమిటో కూడా రాయండి. ఒకరే ఉన్న రోజులకు 48, ఇద్దరూ ఉన్న రోజులకు 96 వేసి కూడండి.

నోటు పుస్తకం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అందులో పిల్లల పేర్లున్నాయి. నాకు పంపాల్సింది పది రోజుల నిమిషాల మొత్తం, ఇంకా ఎంతమంది మొదలై ఎంతమంది మిగిలారన్న రెండు అంకెలు. ఆ రెంటినీ ఒకదానితో ఒకటి భాగించకుండా పంపండి.