పొన్‌ఫెర్రాడా కోట చేరే ముందు దిగుడు జాగ్రత్త

స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగో యాత్రకు కాలినడకన బయలుదేరేవారికి కొండ ఎక్కడమంటేనే భయం. ఆ దారిలోని కోట ఊరు పొన్‌ఫెర్రాడా చేరే రోజు మాత్రం భయపడవలసింది దిగడానికి. దారిలో వచ్చే క్రూస్ దె ఫెర్రో అనే ఇనుప శిలువ సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. యాత్రికుల ఆనవాయితీ ప్రకారం ఇంటి నుంచి తెచ్చిన రాయిని దాని పాదాల దగ్గర ఉంచి కదిలాక, పొన్‌ఫెర్రాడాకు ముందున్న మోలినాసెకా ఊరు చేరేలోపు దాదాపు 900 మీటర్లు కిందికి దిగాలి. అలిపిరి మెట్లెక్కి, తిరుగుదారిలో బస్సెక్కే మనవాళ్ల మోకాళ్లకు ఈ అలవాటు లేదు. అందుకే ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచే దిగడం సాధన చేయండి.

ఎల్ అసేబో ఊరి ముందూ తర్వాతా బాట నిండా పలకరాళ్లు, జారే గులకరాళ్లు. వాన పడితే ఆ బాట వదిలి తారురోడ్డు మీద నడవండి. దూరం కొంచెం పెరిగినా కాలు విరగదు. రోడ్డుకు ఎడమవైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. వెనక నుంచి సైకిళ్లు చప్పుడు లేకుండా దూసుకొస్తాయి. ఈ దిగుడులో ప్రాణం పోయిన ఒక సైకిలు యాత్రికుడి స్మారకం ఎల్ అసేబో దగ్గరే ఉంది. దాని ముందు ఒక్క నిమిషం ఆగండి.

చేతికర్రలు రెండూ దిగేటప్పుడే ఎక్కువ అవసరం, వాటిని కొంచెం పొడవు పెంచుకోండి. గోళ్లు కత్తిరించి, బూట్ల తాళ్లు చీలమండ దగ్గర బిగించి కట్టకపోతే సాయంత్రానికి బొటనవేళ్లు నల్లబడతాయి. అడుగులు చిన్నవిగా వేయండి.

ఆగస్టులో వెళ్లేవారు కార్చిచ్చు వార్తలు రోజూ చూడాలి. 2025 ఆగస్టులో మంటల వల్ల ఆస్టోర్గా, పొన్‌ఫెర్రాడాల మధ్య నడక ఆపమని అధికారులు చెప్పవలసి వచ్చింది. పొగ కనిపిస్తే ముందుకు వెళ్లవద్దు, 112కు ఫోను చేయండి. మధ్యాహ్నం రెండు దాటాక దుకాణాలు చాలావరకు మూస్తారు కాబట్టి నీళ్లు, తినుబండారాలు పొద్దున్నే కొనుక్కోండి.

నా మాట వినండి, ఆ రోజే కోట చూడాలని పరుగెత్తకండి. 1178లో టెంప్లర్లనే క్రైస్తవ యోధుల చేతికి వచ్చిన ఆ గోడలు రేపటికీ అక్కడే ఉంటాయి. మోలినాసెకాలో రాత్రి బస చేసి, అక్కడి మెరువేలో అనే ఏటి నీళ్లలో కాళ్లు చల్లబరచుకుని, మర్నాడు మిగిలిన ఏడు కిలోమీటర్లు నడవండి. కోటలో ఎగుడుదిగుడు మెట్లుంటాయి, వీపున మూటతో ఎక్కవద్దు.