క్రిస్మస్ గాజు గోళాలు: ఎక్కడ పగులుతాయి, ఎలా సరిచేయాలి

మేముండే అమెరికా ఊళ్లో ఏటా డిసెంబరుకు వలంటీర్లం కలిసి గాజు గోళాలు ఊది, చెట్టుకు కట్టి ప్రదర్శనకు పెడతాం. అమ్మగా వచ్చిన డబ్బు ఫుడ్ బ్యాంకుకు, అంటే లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులిచ్చే సంస్థకు, వెళ్తుంది. కొన్నవాళ్లు వాటిని ఏళ్ల తరబడి దాచుకుంటారు కాబట్టి పగిలేదేదో మా దగ్గరే పగలాలని నా పట్టుదల.

సమస్య: రాత్రి బాగానే ఉంది, తెల్లారేసరికి నిలువునా చీలింది.

ఎవరో తగిలించారని అనుకుంటాం. చాలాసార్లు తప్పు చల్లార్చడంలో ఉంటుంది. గాజు పైపొర ముందు గట్టిపడి, లోపలిది ఇంకా వేడిగా ఉంటే ఆ రెంటి మధ్య లాగుడు మిగిలిపోతుంది. దాన్ని తీసేయడానికే అనీలర్, అంటే గాజును మెల్లగా చల్లార్చే కొలిమి. మేం వాడే సోడా లైమ్ గాజును (సీసాలకు వాడే మామూలు రకం) 480 నుంచి 510 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటసేపు ఉంచి, 370 వరకు మెల్లగా దించుతాం. మందపాటి వస్తువైతే ఇంకా ఎక్కువసేపు. ఆ తర్వాత కొలిమి దానంతటదే చల్లారాలి. చూడాలన్న ఆత్రంతో తలుపు తీయొద్దు. మొదటి ఏడాది నేను తీశాను. లోపల సన్నగా ‘టిక్’ మని ఒక్క చప్పుడు. ఆకుపచ్చ గోళం మెడ నుంచి అడుగుదాకా వెంట్రుకంత గీత.

లాగుడు మిగిలిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి తెర పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు గోళాన్ని తెరకూ కళ్లద్దాలకూ మధ్యలో పట్టుకోండి. నల్లగానే ఉంటే మంచిదే. మెడ దగ్గర తెల్లటి మరకలు మెరిస్తే అమ్మకండి, మళ్లీ అనీలర్‌లో పెట్టండి. వెలుతురు సాగనివ్వని రంగు గాజుకు ఈ పరీక్ష పనికిరాదు.

సమస్య: రంగు అద్దిన చోటే పగులు.

రెండు గాజులు కలవలేదన్నమాట. రంగు కోసం అద్దేది కూడా గాజుపొడే. ఆ డబ్బా మీద 96 అనో 104 అనో ఉంటుంది. వేడికి ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె అది. 96 గాజు మీద 104 పొడి వేస్తే చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది. ఎంత అనీల్ చేసినా లాభం లేదు. విరాళంగా వచ్చిన పొడికి లేబుల్ లేకపోతే, ఎంత అందమైన రంగైనా పక్కన పెట్టేయండి.

సమస్య: కొక్కెం ఊడి గోళం కింద పడింది.

పైన గాజు చుక్క వేసి కొక్కెంగా లాగే వేళకు మెడ చల్లబడిపోయి ఉంటుంది. అతుక్కున్నట్టే కనిపిస్తుంది, కానీ కలవదు. చుక్క వేసే ముందు ఆ చోటును గ్యాస్ మంట టార్చ్‌తో సన్నగా ఎర్రబడేదాకా కాల్చండి. ఊడిన కొక్కేన్ని జిగురుతో అతికించి వేలాడదీయడం నాకు అస్సలు ఇష్టం లేదు, కింద పిల్లలు తిరుగుతుంటారు. అలాంటివి పళ్లెంలో పేర్చి బల్ల మీద పెట్టండి.

సమస్య: కొమ్మ వంగిపోతోంది.

చేత్తో ఊదినవి కొట్లో దొరికేవాటికన్నా బరువు. వంటింటి త్రాసు మీద తూచి, బరువైనవి కొమ్మ మొదలుకు దగ్గరగా, తీగతో కొమ్మకు చుట్టి కట్టండి.

సమస్య: అంత కష్టపడి చేసినా మసకగా కనిపిస్తున్నాయి.

లైటు ముందు నుంచి పడుతోంది. ఎల్ఈడీ తీగను గోళాల వెనక్కి, కొమ్మల లోపలికి జరపండి. వేలిముద్రలుంటే మెత్తటి పొడిగుడ్డతో తుడవండి.