ప్లేటు మీద కాలనీలు రాలేదా? క్లోనింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసి చూస్తే ప్లేటు నున్నగా మెరుస్తోంది. ఒక్క కాలనీ (ఒకే కణం నుంచి పెరిగిన బ్యాక్టీరియా గుంపు) లేదు. ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు చేసినవాళ్ళలో ఈ టెన్షన్ పడనివాళ్ళు తక్కువ. అప్పుడు అందరం ముందుగా తిట్టుకునేది డీఎన్ఏ ముక్కలను అతికించే ఎంజైము లైగేజ్‌నే. నేను చూసినంతలో ఆ పాపం ఎంజైములది అయింది చాలా తక్కువసార్లు. తప్పు ఎక్కడుందో చెప్పేది కంట్రోల్ ప్లేట్లు, అంటే పోల్చి చూసుకోవడానికి పెట్టే ప్లేట్లు. అవి పెట్టకపోతే మిగిలేది ఊహలే.

1973లో శాస్త్రవేత్తలు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ క్లోనింగ్‌కి వేసిన దారిలోనే ఇప్పటికీ నడుస్తున్నాం. రెస్ట్రిక్షన్ ఎంజైముతో డీఎన్ఏని కోస్తాం, లైగేజ్‌తో ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ) అతికిస్తాం, ఆ ప్లాస్మిడ్‌ని ఈ. కొలై బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తాం. కింద చెప్పేవన్నీ పీయూసీ19 ప్లాస్మిడ్, డీహెచ్5 ఆల్ఫా అనే ఈ. కొలై కణాలు, యాంపిసిలిన్ (ప్లాస్మిడ్ లేని కణాలను పెరగనివ్వని యాంటీబయోటిక్ మందు) కలిపిన ప్లేట్లు వాడుతున్నారనుకుని రాశాను.

అసలు ప్లేటుతో పాటు నాలుగు కంట్రోళ్ళు పెట్టండి. డీఎన్ఏ వేయని కణాలు ఒకటి. కోయని పీయూసీ19 వేసినవి ఒకటి. కోసిన వెక్టర్‌ని (ముక్కను మోసే ప్లాస్మిడ్‌ని) లైగేజ్ లేకుండా వేసినవి ఒకటి. కోసిన వెక్టర్‌కి లైగేజ్ కలిపి, ఇన్సర్ట్ (మనం అతికించే ముక్క) మాత్రం వేయనివి ఒకటి. నాలుగు ప్లేట్లు దండగ అనిపిస్తుంది కానీ, నాలుగు వారాలు పోగొట్టుకోవడం కన్నా నయం.

సమస్య: ఒక్క కాలనీ కూడా రాలేదు

ముందు పీయూసీ19 ప్లేటు చూడండి. అది కూడా ఖాళీ అయితే లైగేషన్ (లైగేజ్‌తో అతికించడం) గురించి ఆలోచించకండి. కణాలు చచ్చిపోయి ఉండాలి, లేదా ప్లేటులో మందు ఎక్కువై ఉండాలి. యాంపిసిలిన్ మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు చాలు. అదే కణాలను మందు లేని ప్లేటు మీద కొంచెం రాసి చూస్తే ఈ రెండిట్లో ఏదో తేలిపోతుంది.

కాల్షియం క్లోరైడ్‌తో ల్యాబ్‌లోనే చేసుకున్న కాంపిటెంట్ కణాలు (బయటి డీఎన్ఏని లోపలికి తీసుకోగలిగేవి) మైక్రోగ్రాము డీఎన్ఏకి సుమారు 10 లక్షల కాలనీలు ఇస్తే సరిపోతుంది. అంటే 1 నానోగ్రాము పీయూసీ19 వేసి, మొత్తం ప్లేటు మీద పరిస్తే దాదాపు వెయ్యి రావాలి. పదో ఇరవయ్యో వచ్చాయంటే ఆ కణాలతో లైగేషన్ చేయడం వృథా. లైగేషన్‌లో సరిగ్గా చుట్టుకున్న ప్లాస్మిడ్లు చాలా కొద్ది. అవి కోయని పీయూసీ19 అంత సులువుగా కాలనీలు ఇవ్వవు.

కణాలు పాడవడానికి మామూలు కారణం వేడే. మైనస్ 80లో ఉండాల్సినవి ఒక రాత్రి కరెంటు పోయి కరిగి, మళ్ళీ గడ్డకడితే పైకి ఏమీ తేడా తెలియదు. మా ల్యాబ్‌లో ఒక వేసవి అలాగే పోయింది. మూడు వారాలు ప్రైమర్లను (డీఎన్ఏని కాపీ చేయడానికి వాడే చిన్న ముక్కలను) అనుమానించాం! కణాలను ఐసు మీదే కరిగించండి, ట్యూబును అరచేతిలో పట్టుకుని కరిగించొద్దు. డీఎన్ఏ కలిపి ఐసులో 30 నిమిషాలు, 42 డిగ్రీల నీళ్ళలో 45 సెకన్లు, మళ్ళీ ఐసులో 2 నిమిషాలు. నీళ్ళ ఉష్ణోగ్రతను మెషిన్ డిస్‌ప్లేలో కాదు, థర్మామీటర్ ముంచి చూడండి. ఆ తరువాత మందు లేని మీడియంలో 37 డిగ్రీల దగ్గర గంటసేపు పెరగనివ్వాలి. మందుని తట్టుకునే ప్రోటీన్ కణంలో తయారయ్యేది ఆ గంటలోనే.

పీయూసీ19 ప్లేటు నిండా కాలనీలున్నాయి, మీ ప్లేటే ఖాళీ. అప్పుడు లైగేషన్ వైపు చూడాలి. లైగేజ్‌కి శక్తినిచ్చే ఏటీపీ బఫర్‌లోనే ఉంటుంది. ఆ ట్యూబుని పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే ఏటీపీ విరిగిపోతుంది. కొత్త బఫర్ రాగానే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచేసుకోండి. రెండో అనుమానం డీఎన్ఏ ముక్కలను సైజు వారీగా విడదీసే జెల్ మీద. బ్యాండు (మనకు కావలసిన ముక్క ఉన్న గీత) కోసేటప్పుడు తక్కువ తరంగదైర్ఘ్యపు యూవీ కింద తీరిగ్గా నిలబడితే డీఎన్ఏ దెబ్బతింటుంది. 365 నానోమీటర్ల దీపం కింద, కొన్ని సెకన్లలో కోసేయండి. లైగేషన్ మిశ్రమం ఎక్కువ పోసినా నష్టమే. 50 మైక్రోలీటర్ల కణాలకు 5 మించొద్దు.

సమస్య: కాలనీలు బోలెడు, అన్నీ నీలమే

ఎక్స్-గాల్ వేసిన ప్లేటు మీద నీలం అంటే, వెక్టర్‌లో ఆ రంగు తెప్పించే లాక్‌జెడ్ జన్యువు చెక్కుచెదరలేదని, మీ ముక్క లోపలికి వెళ్ళలేదని అర్థం. లైగేజ్ వేయని ప్లేటులోనూ కుప్పలుగా వస్తే వెక్టర్ సరిగ్గా తెగలేదు. ఆ ప్లేటు ఖాళీగా ఉండి, లైగేజ్ వేసి ఇన్సర్ట్ వేయని ప్లేటు నిండితే వెక్టర్ తన కొసలను తానే అతికించుకుంటోంది. మొదటిదానికి ఇంకా ఎక్కువసేపు కోసి, జెల్ మీద నుంచి శుభ్రం చేసుకోవాలి. రెండోదానికి ఫాస్ఫటేజ్‌తో కొసల్లోని ఫాస్ఫేట్లు తీసేయాలి, లేదా రెండు వేరు వేరు ఎంజైములతో కోయాలి. నా ఓటు రెండు ఎంజైములకే. ముక్క తిరగబడి అతుక్కుంటుందన్న బెంగ కూడా ఉండదు.

లేత నీలం కాలనీలను మాత్రం పారేయకండి. చిన్న ముక్క రీడింగ్ ఫ్రేమ్ (జన్యువుని మూడేసి అక్షరాలుగా చదివే వరస) చెడకుండా కూర్చుంటే రంగు పూర్తిగా పోదు.

సమస్య: తెల్లగా ఉన్నాయి, కానీ ముక్క లేదు

పెద్ద కాలనీ చుట్టూ ఆవాల్లా చిన్నవి మూగి ఉన్నాయా? అవి ఉపగ్రహ కాలనీలు. పెద్దది వదిలే బీటా లాక్టమేజ్ చుట్టుపక్కల మందును తినేస్తే, ప్లాస్మిడ్ లేనివి కూడా అక్కడ మొలుస్తాయి. ప్లాస్మిడ్ లేదు కాబట్టి తెల్లగానే ఉంటాయి. కొత్తవాళ్ళు సంబరంగా వాటినే ఏరుకుంటారు. ప్లేటుని 16 గంటలకు మించి ఇంక్యుబేటర్లో ఉంచకండి. అగార్ సుమారు 50 డిగ్రీలకు చల్లారాకే మందు కలపండి. నెల దాటిన ప్లేట్లను నమ్మొద్దు.

సమస్య: ఎంజైము కోయడమే లేదు

ఎక్స్‌బీఏ1 లాంటి రెస్ట్రిక్షన్ ఎంజైములైతే మిథైలేషన్‌ని అనుమానించండి. ఆ ఎంజైము కోసే సైటు పక్క అక్షరాలతో కలిసి జీఏటీసీ అయితే ఈ. కొలై దానికి మిథైల్ గుంపు తగిలిస్తుంది, ఎంజైము ఆగిపోతుంది. ఆ మిథైల్ గుంపు తగిలించే డ్యామ్ ఎంజైము లేని స్ట్రెయిన్‌లో ప్లాస్మిడ్ పెంచితే సరి. పీసీఆర్‌తో కాపీ చేసిన ముక్క కొసన సైటు పెట్టినవాళ్ళు దాని బయట ఆరు అక్షరాలు అదనంగా ఇవ్వాలి, ఎంజైముకి పట్టు దొరకాలి కదా. కోయట్లేదని ఎంజైము గుమ్మరిస్తే దాని ద్రావణంలోని గ్లిసరాల్ ఎక్కువై, ఈకోఆర్1 లాంటివి కోయకూడని చోట కూడా కోస్తాయి. ఎంజైము మొత్తం రియాక్షన్‌లో పదో వంతు మించకూడదు.

సమస్య: క్లోన్ సరిగ్గా ఉంది, ప్రోటీన్ రాలేదు

మనిషి జన్యువుని క్రోమోజోము నుంచి నేరుగా తీసి పెడితే ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ఉండే, ప్రోటీన్‌కి అక్కర్లేని ముక్కలు) అడ్డొస్తాయి. బ్యాక్టీరియాకి వాటిని తీసేసే ఏర్పాటు లేదు. ఎంఆర్ఎన్ఏ నుంచి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో చేసిన సీడీఎన్ఏ (ఇంట్రాన్లు లేని డీఎన్ఏ కాపీ) వాడాలి.

ప్రోటీన్ వచ్చి కూడా ముద్ద కట్టి అడుగుకి చేరుతుంటే, 37 డిగ్రీలకు బదులు 18 దగ్గర రాత్రంతా పెంచి, ఐపీటీజీ (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) తగ్గించి చూడండి. అప్పటికీ కాకపోతే ఇల్లు, అంటే ప్రోటీన్ చేసే కణాన్నే, మార్చాలి. 1978లో ఇన్సులిన్ రెండు గొలుసులను ఈ. కొలైలో విడివిడిగా చేసి, బయట కలిపారు. అది చిన్న ప్రోటీన్ కాబట్టి నడిచింది. హెపటైటిస్ బి టీకాలోని ఉపరితల ప్రోటీన్ మాత్రం కణికలుగా కూడుకోవాలి. అందుకే దానికి ఈస్ట్‌ని ఎంచుకున్నారు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌వాక్-బి కూడా ఈస్ట్‌లో చేసిందే. ఈ. కొలైలో ఆరు నెలలు కుస్తీ పట్టే బదులు, రెండో నెలలోనే పికియా ఈస్ట్ స్ట్రెయిన్ కోసం మీ గైడ్‌ని అడగండి.