పాత ఇంటి కాగితాల నుంచి ఒక ఐరిష్ ఇనుము పనివాడిని వెతికి పట్టుకోవడం ఎలా

ట్రాయ్‌లో ఇల్లు కొన్నప్పుడు తాళంచెవులతోపాటు లాయరు ఒక కాగితాల కట్ట మా చేతిలో పెట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో దీన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు. మన లింకు డాక్యుమెంట్ల లాంటిదే, స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా ఉంటుంది. కట్ట అడుగున మడతలు నలిగిపోయిన ఒక పాత డీడ్ ఉంది. 1890ల నాటి అమ్మకం, అమ్మినావిడ భర్త పోయిన మనిషి. సంతకం చోట గుమస్తా ఆవిడ పేరు రాస్తే, పేరు మధ్యలో ఆవిడ ఒక ఇంటూ గీత గీసింది. ఒక గీత పొడుగు, ఒకటి పొట్టి, కలం ఒకచోట ఆగి సిరా ఊరింది. మా నాయనమ్మ పొలం కాగితం మీద పెట్టిన నిశాని గుర్తొచ్చింది.

ఆవిడ భర్త కోసమే నేను మూడేళ్ళు వెతికాను. ఐర్లండ్ నుంచి వచ్చి, ఈ ఊరి ఇనుప మిల్లులో పనిచేసి, ఈ ఇంట్లోనే పోయాడు. వారసులు ఇంకా ఈ చుట్టుపక్కల ఉండొచ్చు కాబట్టి పేరు రాయను. ఇంట్లో మేం 'పెద్దాయన' అంటాం. పోయేనాటికి ఆయనకి నలభై అటూ ఇటూ, నాకిప్పుడు యాభై రెండు. అయినా పెద్దాయనే.

మీరూ ఇలాంటి మనిషిని వెతకాలనుకుంటే మొదటి మాట: పుట్టుక నుంచి మొదలుపెట్టకండి, చావు నుంచి మొదలుపెట్టండి. మా తాతగారు ఏ రోజున పుట్టారో ఇంట్లో ఎవరికీ తెలీదు. పోయిన తిథి మాత్రం అందరికీ నోటికొచ్చు. ఐరిష్ వలస కూలీల విషయంలోనూ అంతే. పుట్టినప్పుడు రాసినవాళ్ళు తక్కువ. పోయినప్పుడు చర్చి, శ్మశానం, పత్రిక, కోర్టు, ఊరి రిజిస్ట్రారు అందరూ తలా ఒక ముక్క రాసి పెట్టారు.

పోయిన ఏడాది తేల్చడానికి నేను వాడింది సిటీ డైరెక్టరీ. ఫోను పుస్తకాల కంటే ముందు ఏటా అచ్చయిన ఊరి జాబితా అది, ట్రాయ్‌వి చాలా సంవత్సరాలవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో మనిషికి ఒక్కో లైను: ఇంటిపేరు, పేరు, పని, వీధి. అంతా పొట్టి రాతలే. 'హెచ్' అని ఉంటే సొంత కాపురం, 'బీడీఎస్' అని ఉంటే ఇంకొకరి ఇంట్లో భోజనం, బస. 1884 పుస్తకంలో పెద్దాయన పేరు పక్కన 'పడ్లర్' అని ఉంది, అంటే కొలిమిలో ఇనుము కలిపేవాడు. 1885 పుస్తకంలో అదే ఇంటి నంబరు దగ్గర ఆవిడ పేరు వచ్చి, పక్కన 'విడ్' (విడో, అంటే భర్త పోయినావిడ) అని మూడక్షరాలు, బ్రాకెట్లో ఆయన పేరు. ఆ రెండు పుస్తకాల మధ్య ఆయన పోయాడన్నమాట.

ఇక్కడే నేను నాలుగు నెలలు వృథా చేసుకున్నాను. అదే పేరు, అదే ఇంటిపేరు, అదే పనితో రెండు వీధుల అవతల ఇంకొకాయన ఉన్నాడు. నేను ఆయన్ని పట్టుకుని పెళ్ళి, పిల్లలు, సమాధి దాకా వెళ్ళిపోయాను. ఆయన భార్య పేరు డీడ్‌లో ఉన్న పేరు కాదని ఒకరోజు రాత్రి గిన్నెలు తోముతూ ఉంటే తట్టింది. ఐరిష్ పేటల్లో పేర్లు మహా అయితే ఓ పది, మన ఊళ్ళో వెంకటేశ్వర్లు ఎంతమందో అంతమంది. అందుకని పేరును నమ్మకండి. ఇంటి నంబరు, భార్య పేరు, ఈ రెండూ కలిస్తేనే మీ మనిషి. వీధి నంబర్లు కూడా మధ్యలో మారుతుంటాయి. శాన్‌బోర్న్ వాళ్ళు అగ్ని బీమా కోసం గీసిన పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉన్నాయి, అవి తెరిచి ఇంటి ఆకారంతో సరిచూసుకోండి.

ఏడాది తెలిశాక మరణ ధృవపత్రం. న్యూయార్క్ రాష్ట్రంలో మరణాల నమోదు 1880 ప్రాంతంలో మొదలైంది. రాష్ట్ర మరణాల సూచిక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అందులో సర్టిఫికెట్ నంబరు పట్టుకుని అర్జీ పెట్టాలి. యాభై ఏళ్ళు దాటిన మరణమైతే ఎవరైనా అడగొచ్చు, చుట్టరికం చూపించక్కర్లేదు. నేను అర్జీ పంపి, కాగితం వచ్చేదాకా మనసులో ఒక కథ అల్లుకున్నాను: కొలిమి పేలి ఉంటుంది, ఇనుము మీద పడి ఉంటుంది అని. కాగితంలో కారణం దగ్గర ఒకే మాట, 'థైసిస్'. క్షయ. ఆ కాలపు జబ్బుల పేర్లు తెలిసి ఉండాలి: 'కన్సంప్షన్' అన్నా క్షయే, 'డ్రాప్సీ' అంటే ఒళ్ళు నీరు పట్టడం, 'అపోప్లెక్సీ' అంటే చాలాసార్లు పక్షవాతం.

ఆయన పని గురించి కొంచెం ఆగి చెప్పాలి, లేకపోతే కాగితాల్లో ఆయన ఉత్త పేరుగానే ఉండిపోతాడు. పడ్లర్ అంటే దుక్క ఇనుమును పనికొచ్చే ఇనుముగా మార్చేవాడు. కొలిమి తలుపుకున్న చిన్న కంతలోంచి పొడవాటి ఇనప కడ్డీ దూర్చి, కరిగిన ఇనుమును కలుపుతూనే ఉండాలి. అందులోని కార్బన్ మండిపోతున్నకొద్దీ ఇనుము చిక్కబడి, సంకటిలా ముద్ద కడుతుంది. అప్పుడు దాన్ని కడ్డీతోనే ఉండలుగా చుట్టి, ఒక్కొక్క ఉండా దాదాపు మనిషి బరువు, పటకారుతో బయటికి లాగాలి. ఎప్పుడు లాగాలో చెప్పే యంత్రం ఏదీ లేదు, రంగు చూసి కన్ను చెప్పాలి. ఒక్కసారి పట్టిన సరుకుని 'హీట్' అంటారు. మా నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో స్టీల్ మెల్ట్ షాపులో చేసేవారు. షిఫ్టు దిగి ఉక్కునగరం క్వార్టర్‌కి రాగానే అమ్మ అడిగేది "ఇవాళ ఎన్ని హీట్లండీ?" అని. ట్రాయ్ పడ్లర్ల గురించి చదువుతుంటే ఆ మాట కనబడి చదవడం ఆపేశాను.

పెద్దాయన ఏ మిల్లులో చేశాడో డైరెక్టరీ చెప్పదు. ఇల్లు దక్షిణ ట్రాయ్‌లో కాబట్టి బర్డెన్ వాళ్ళ మిల్లని నా ఊహ. హెన్రీ బర్డెన్ స్కాట్లండ్ మనిషి. 1840లో ఇనప ఉండని తిప్పుతూ పిండే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు, తర్వాత నిమిషానికి అరవై గుర్రపు నాడాలు చేసే యంత్రం కట్టాడు. వైనాంట్స్‌కిల్ వాగు మీద ఆయన పెట్టిన నీటి చక్రం అడ్డుకొలత 60 అడుగులు. ఆ కంపెనీ పాత ఆఫీసు భవనం ఇప్పుడు మ్యూజియం, వీలైతే వెళ్ళండి. ఊహని ఊహ అనే రాసుకోండి. నా నోటుపుస్తకంలో అలాంటి వాక్యాలన్నీ పెన్సిలుతోనే ఉంటాయి.

ఇక జనాభా లెక్కలు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల సైటులో ఖాతా తెరిస్తే డబ్బు కట్టకుండా చూడొచ్చు. 1850 నుంచి ఇంట్లో ప్రతి మనిషి పేరూ ఉంటుంది. 1890 లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదంలో పాడై, దాదాపు ఏమీ మిగల్లేదు. దానికి బదులు న్యూయార్క్ రాష్ట్రం సొంతంగా తీసిన 1855, 1865, 1875, 1892 లెక్కలు చూడండి. వయసులు పట్టించుకోవద్దు. పెద్దాయనకి 1870లో 28, 1880లో 35. పదేళ్ళలో ఏడేళ్ళే పెరిగాడు.

1880 షీటు మాత్రం అడ్డంగా చివరిదాకా చదవండి. అందరూ పేరు, వయసు, పని చూసి మూసేస్తారు. ఆ ఏడాది ఎన్ని నెలలు పనిలేకుండా ఉన్నాడని ఒక గడి ఉంది, ఆయన వరసలో 4. లెక్కలవాడు వచ్చిన రోజున ఏమైనా జబ్బుతో ఉన్నాడా అని పక్కనే ఇంకో గడి. అది ఖాళీ. తర్వాత 'చదవడం రాదు', 'రాయడం రాదు' అని రెండు గడులు. ఆయనకి చదవడం వచ్చు, ఆవిడకి రెండూ రావు. 1900 షీటులో ఆవిడ ఒక్కతే ఉంది, కూతురింట్లో. ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని ఆ ఏడు అడిగారు. ఎనిమిది, మూడు.

ఆస్తి ఉన్నవాడు వీలునామా లేకుండా పోతే వారసత్వ వ్యవహారాలు చూసే కౌంటీ సరొగేట్ కోర్టులో ఫైలుంటుంది, వారసుల పేర్లన్నీ అందులో దొరుకుతాయి. పత్రికల కోసం ఫుల్టన్ హిస్టరీ సైటు ఉంది. చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది గానీ పాత న్యూయార్క్ పత్రికలు అందులో ఉన్నన్ని మరోచోట కష్టం. ట్రాయ్ ఐరిష్ జీనియాలజీ సొసైటీ వాళ్ళు చర్చి, శ్మశానం, పత్రికల చావు కబుర్లను ఓపికగా ఎక్కించి ఉచితంగా పెట్టారు. పెద్దాయనకి మూడు లైన్ల కబురు దొరికింది: ఇంటి దగ్గర నుంచి ఎన్ని గంటలకి, ఏ చర్చికి, స్నేహితులు రావాలని. పని గురించి ఒక్క మాట లేదు.

అసలు కష్టం ఐర్లండ్ వైపు. అమెరికా కాగితాలన్నింటిలో పుట్టిన చోటు 'ఐర్లండ్', అంతే. 1906కి ముందు పౌరసత్వం తీసుకుంటే విక్టోరియా రాణికి విధేయత వదులుకున్నానని ఉంటుంది తప్ప ఊరు ఉండదు. అక్కడ అరవై వేల పైచిలుకు టౌన్‌ల్యాండ్‌లు, అంటే మన శివారు పల్లెల్లాంటివి. ఊరు తెలియకుండా వెతికితే గడ్డివాములో సూదే. అందుకే మనిషిని వదిలి అన్నదమ్ముల్ని, పిల్లల జ్ఞానస్నానానికి సాక్షిగా నిలబడ్డవాళ్ళని పట్టుకోవాలి. పెద్దాయనకి సమాధిరాయి లేదు. పెద్ద కొడుక్కి జ్ఞానపిత అయిన తమ్ముడికి ఉంది, దాని మీద టిప్పరేరీ జిల్లా, పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరు చెక్కి ఉన్నాయి. రాయి అరిగిపోయి ఉంటే సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేప్పుడు వెళ్ళండి, అక్షరాలు నీడతో పైకి తేలతాయి. సుద్ద రుద్దకండి, రాయి పాడవుతుంది.

పారిష్ దొరికాక ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైటులో క్యాథలిక్ రిజిస్టర్లు తెరవండి. 2015 నుంచి బొమ్మలన్నీ ఉచితం, సుమారు 1880 దాకా ఉన్నాయి. ప్రభుత్వ జనన నమోదు అక్కడ 1864లో గానీ మొదలు కాలేదు కాబట్టి అంతకుముందు వాళ్ళకి ఇదే గతి. చాలావాటిలో పేర్లు లాటిన్‌లో ఉంటాయి: జేమ్స్ 'జాకోబస్', విలియం 'గులియెల్మస్' అవుతాడు. నాకు ఒకే పారిష్‌లో ఇద్దరు దొరికారు, 1842లో ఒకరు, 1844లో ఒకరు. ఒకే పేరు, తండ్రులు వేరు. ఐరిష్ వాళ్ళూ మనలాగే పెద్ద కొడుక్కి తండ్రి తరఫు తాత పేరు పెట్టుకునేవాళ్ళు. ఆ లెక్కన, తండ్రి పేరు పెద్దాయన పెద్ద కొడుకు పేరుతో కలిసిన 1842 పిల్లవాడే పెద్దాయన. ఇది రుజువు కాదు, మొగ్గు మాత్రమే. పెన్సిలుతోనే రాశాను.

శ్మశానం ఆఫీసుకి వెళ్ళేముందు లాట్ (కుటుంబం సమాధుల స్థలం) నంబరు రాసుకోండి. పెద్దాయన లాట్‌లో ఐదుగురున్నారు, నలుగురు పిల్లలు. ఒక్క సమాధిరాయీ లేదు, పచ్చిక అంతే. నవంబరులో ఆకులు రాలాక, మంచు పడకముందు వెళ్తే హద్దు రాళ్ళ నంబర్లు కనబడతాయి.

దొరికినదంతా నాలుగు పేజీల్లో తేదీలవారీగా రాసి, ఏది ఎక్కడ దొరికిందో పక్కనే వేశాను. ఒక కాపీ అబ్‌స్ట్రాక్ట్ కట్టలో, ఆవిడ ఇంటూ గీత ఉన్న డీడ్ వెనక పెట్టి దారం కట్టాను. ఇల్లు అమ్మే రోజున తాళంచెవులతోపాటు అదీ వెళ్తుంది.