సూదిమూతి చేప చిక్కట్లేదా? వైజాగ్ నీళ్ళలో స్పియర్ ఫిషింగ్ సమస్యలు - పరిష్కారాలు

గార్ ఫిష్, నీడిల్ ఫిష్, సూదిమూతి, ఏ పేరుతో పిలిచినా ఆ సన్నటి వెండి చేపే. మంగమారిపేట రాళ్ళ వైపు గానీ యారాడ పక్కన గానీ నీళ్ళు తేటగా ఉన్న పొద్దున దిగితే నీటి పైపొరలోనే బారులు తీరి కనిపిస్తుంది. కనిపించడం ఈజీ, స్పియర్ ఫిషింగ్‌లో, అంటే నీళ్ళలో ఈదుతూ రబ్బర్ల బలంతో బాణం వదిలే గన్‌తో, కొట్టడమే తలనొప్పి. రెండుసార్లు మిస్ అవ్వగానే చాలామంది గన్ మార్చేస్తారు, కొత్త రబ్బర్లు కొంటారు. నన్నడిగితే అసలు లోపం చాలావరకు ట్రిగ్గర్ నొక్కకముందే జరిగిపోతుంది, కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడదాం.

సమస్య: రేంజ్‌లోకి రాకముందే మాయమైపోతున్నాయి

కారణం నూటికి తొంభై వంతులు మీ కాళ్ళే. ఈ చేప బతుకంతా నీటి పైన ఒక అడుగు, రెండడుగుల లోపే, మీరు తేలేదీ అక్కడే, అంటే మీ కాలికి తొడుక్కున్న ఫిన్ ఒక్కసారి నీటి పైకొచ్చి తపక్ మన్నా ఆ చప్పుడు, ఆ అదురు తిన్నగా దానికి చేరిపోతాయి. అడుగున రాళ్ళలో ఉండే బొంత చేపని అలా కొంచెం కంగారు పెట్టినా అది కన్నంలోకి దూరి అక్కడే ఉంటుంది, దీనికి దూరడానికి ఏమీ లేదు, పరుగే దారి. స్నార్కెల్‌లో (ఊపిరి గొట్టంలో) నీళ్ళు బుస్సున ఊదడం, గన్ పట్టుకున్న చెయ్యి ఒక్కసారిగా చాపడం, ఎదురుగా తలపెట్టి దూసుకెళ్ళడం, ఇవన్నీ అదే ఖాతాలోకి వస్తాయి.

పరిష్కారం: వెంటపడకండి, ఈదే పోటీలో అది మిమ్మల్ని ఎప్పటికీ గెలవనివ్వదు. కెరటం ఎటు తోస్తే అటు కాసేపు కదలకుండా తేలండి, కాళ్ళు నీటి లోపలే ఉంచి మెల్లగా ఆడించండి, గన్ ముందే చాపి పెట్టుకోండి. దానికి కుతూహలం ఎక్కువ, ఒక చుట్టు తిరిగి ఈ కొత్త దుంగేంటో అని చూడ్డానికి మళ్ళీ వస్తుంది, చాలాసార్లు మీ వెనకనుంచే వస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ భుజం మీదుగా చూస్తుండండి. రాకపోతే పాత సీడీ ముక్కలు తాడుకి కట్టి నీటి మీద తేలే ఫ్లోట్ కింద వేలాడదీయండి, ఆ తళుకు పని చేస్తుంది. నాలుగు మెత్తళ్ళు నలిపి వదిలినా పనిచేస్తుంది, కానీ జనం స్నానాలు చేసే చోట ఆ పని చెయ్యొద్దు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూసుకుంటే చేప పక్కలు మెరిసి ముందే కనిపిస్తాయి.

మా వైపు జాలరి పెద్దాయన ఒకాయన గట్టు మీదనుంచి చూసి అన్న మాట: "అంత ఉలికితే సేప నిలుత్తాదేటి బాబూ, నీల్లు కదపకుండా ఉండాల." దీనికి మించిన కోచింగ్ నాకు తెలీదు.

సమస్య: గురి కరెక్టే, బాణం మాత్రం పక్కనుంచి పోతోంది

ఇక్కడ మూడు కారణాలు కలిసిపోతాయి, విడివిడిగా చూడాలి.

ఒకటి మాస్క్. గాజు వెనక గాలి ఉండటం వల్ల నీటిలో వస్తువు ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనబడుతుంది. మీ కంటికి మూడు మీటర్లంటే నిజానికి నాలుగు. అందుకే "ఇంత దగ్గర్లో ఎలా మిస్ అయింది" అనిపిస్తుంది, అది దగ్గర్లో లేదు మరి. చేప చేతికి అందేలా ఉంది అనిపించేదాకా ఆగండి.

రెండు, అద్దం. ఇది చాలామందికి తట్టదు. నీటి లోపలనుంచి పైపొరని ఏటవాలుగా చూస్తే అది అద్దంలా పనిచేస్తుంది, నిలువు నుంచి సుమారు 48 డిగ్రీలు దాటిన చూపుకి బయటి ఆకాశం కనబడదు, లోపలి బొమ్మే తిరిగి కనబడుతుంది. పైపొరకి ఆనుకుని ఈదే చేపకి సరిగ్గా పైన దాని బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. కంగారులో రెండింటి మధ్యకో, పై దానికో గురిపెడతారు, బాణం పైనుంచి పోతుంది. రెండు చేపలు అతుక్కున్నట్టు కనబడితే ఎప్పుడూ కింది దాన్నే కొట్టండి.

మూడు, గన్ మూతి. మీరు తేలుతూ కొడితే ముందు కొస సగం నీటి బయట ఉంటుంది, రబ్బర్లు నీటి పొరని తన్నుకుంటూ వస్తాయి, బాణం కొస పైకి లేస్తుంది. గన్ మొత్తం కనీసం ఒక అడుగు లోతులో ఉండాలి. పొడుగు గన్ పక్కకి తిప్పుతుంటే నీళ్ళు గట్టిగా అడ్డం పడతాయి, ఈ చేపకి 75 నుంచి 90 సెంటీమీటర్ల గన్, ఆరు ఆరున్నర మిల్లీమీటర్ల షాఫ్ట్ (బాణం కడ్డీ) సరిపోతుంది. బాణం సెకనుకి 25 మీటర్లు పోతుంది అనుకుంటే రెండున్నర మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు, ఆలోపు రెండు మీటర్ల వేగంతో పోయే చేప 20 సెంటీమీటర్లు ముందుకెళ్ళిపోతుంది. అందుకే కదిలే చేపని ముక్కు చూసి కొట్టాలి, అప్పుడు మొప్పల వెనక తగులుతుంది. ఎదురుగా వచ్చేదాన్ని అస్సలు కొట్టకండి, బొటనవేలంత టార్గెట్ అది, పక్కకి తిరిగేదాకా ఆగండి.

పైకి చూపిస్తూ కూడా కొట్టొద్దు. బాణం నీటి బయటికి పోతే అటు తెప్ప ఉందో, పిల్లాడు ఉన్నాడో మీకు తెలీదు.

సమస్య: తగిలింది, కానీ ఊడిపోయింది

సన్న ఒళ్ళు కాబట్టి పొట్ట దగ్గర తగిలితే చీల్చుకుని పోతుంది, ఫ్లాపర్ (బాణం మొన దగ్గర ఉండే చిన్న రెక్క) తెరుచుకునేంత మాంసం అక్కడ ఉండదు. ముళ్ళులేని త్రిశూలం మొన అయితే మెలికలు తిరిగి జారిపోతుంది. తల వెనక భుజం దగ్గర కొట్టండి, బాణం అవతలికి దూరి ఫ్లాపర్ అటువైపు తెరుచుకోవాలి. ఇంటి దగ్గరే ఫ్లాపర్ ఇసుకతో బిగుసుకుందేమో వేలితో ఆడించి చూడండి. తగిలాక తాడు గుంజొద్దు, మెల్లగా లాగి తల వెనక పట్టుకోండి, గ్లవ్స్ తప్పనిసరి. ఆ దవడ నిండా సూది పళ్ళు, అది గిలగిలలాడుతూ మొహం మీదికి రావడం మామూలే. రాత్రి టార్చ్ వేసుకుని వీటి కోసం దిగే ఆలోచన ఉంటే మానుకోండి, వెలుతురుకి ఇవి నీటిలోంచి బాణంలా ఎగిరి దూకుతాయి, పెద్ద రకాలు మీటరు పైనే పెరుగుతాయి, అలా గుచ్చుకుని మనుషులు చనిపోయిన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి.

సమస్య: నీళ్ళు మడ్డి, ఏమీ కనబడట్లేదు

ఇది రిపేర్ అయ్యేది కాదు. వర్షాకాలంలో భీమిలి దగ్గర గోస్తనీ నీళ్ళు కలిసే చోట బురదే. తుఫాను తర్వాత కొన్ని రోజులు అంతా కలతే. వేసవి మొదట్లో ఇంకో తమాషా ఉంటుంది, తీరం వెంబడి నైరుతి గాలి బలంగా వీస్తే పైనున్న వేడి నీరు సముద్రం లోపలికి జరిగి కిందినుంచి చల్లనీళ్ళు పైకొస్తాయి, దాంతో నాచు జీవాలు పెరిగి నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. మన గన్ రేంజ్ కంటే చూపు తక్కువైతే గన్ లోడ్ చెయ్యకండి, అంతే.

చోటు విషయం కూడా. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే కరెంట్ ఎంతమందిని తీసుకుపోయిందో వైజాగ్‌లో అందరికీ తెలుసు, అక్కడ దిగొద్దు. డాల్ఫిన్స్ నోస్, పోర్ట్ ఛానల్, నేవీ ఏరియా దగ్గరికి అసలే పోకండి. వల కనబడితే దూరంగా తప్పుకోండి, అది మీ మీద పడే ప్రమాదం ఒకటి, జాలరి అన్నల కూటి విషయం ఒకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజన్ బోట్లకి వేట నిషేధం, ఆ టైంలో మీ సంగతేంటో ఫిషరీస్ ఆఫీసులో ముందే అడగండి. తోడు లేకుండా దిగొద్దు, గబగబా ఊపిరి పీల్చి వదిలి ఆపై బిగపట్టి మునగొద్దు, అలా చేస్తే స్పృహ తప్పేముందు మీకు ఏ హెచ్చరికా రాదు.

సమస్య: కోశాక ఎముకలు ఆకుపచ్చగా ఉన్నాయి, పాడైపోయిందా?

లేదు. బిలివర్డిన్ అనే రంగు వల్ల ఎముకలు పుట్టుకతోనే అలా ఉంటాయి, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో వాళ్ళు కంగారుపడకుండా ముందే చెప్పేయండి. ముళ్ళు ఎక్కువ కాబట్టి అడ్డంగా సన్న ముక్కలు కోసి ఉప్పు, కారం, పసుపు పట్టించి కరకరలాడేలా వేపండి, పులుసు కన్నా వేపుడే బావుంటుంది.