ఎమ్మెల్యే ఫోను ఎత్తకపోతే, సభకు జనం రాకపోతే: బెంగళూరులో ప్రజా సంబంధాల చిక్కులు, విరుగుళ్లు

నీళ్లు, మురుగు, కరెంటు, మెట్రో, గ్యాసు, కేబుళ్లు అంటూ బెంగళూరులో రోడ్డు తవ్వే సంస్థలు అరడజనుకు పైనే. వాటిలో ఒకదాని తరఫున అటు ప్రభుత్వంతోను, ఇటు వీధిలోని జనంతోను మాట్లాడే పని నాది. ఏ సంస్థో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, అందరి తగాదాలూ ఒకటే. ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలకు నా జవాబులివి. ఫిర్యాదు రాగానే వివరణ రాయడానికి కూర్చోకండి. ఆ పని సంగతి ఎవరికి ఏ రోజున తెలిసిందో తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. సగం జబ్బులు ఆ వరుసలోనే బయటపడతాయి.

ఎమ్మెల్యే ఫోను ఎత్తడం లేదు, సమీక్షలో మాత్రం అందరి ముందు దులిపేశారు

కారణం: తవ్వకం సంగతి ఆయనకు మీకంటే ముందు ఓటరు చెప్పాడు. పొద్దున్నే గుమ్మంలో నిలబడిన పెద్దమనిషి "మా వీధి ఎందుకు తవ్వారు సార్?" అంటే ఆయన దగ్గర జవాబు లేదు. ఆ చిన్నతనం మీ ఖాతాలో పడింది.

ఎమ్మెల్యేల మీద భారం పెరగడమూ ఇందులో ఉంది. 2020 సెప్టెంబరులో బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) కార్పొరేటర్ల పదవీకాలం ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. 198 వార్డుల్లో 198 మంది మోసిన ఫిర్యాదులన్నీ 28 మంది ఎమ్మెల్యేల వాకిళ్లకు చేరాయి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు నగరపాలికలు వచ్చాయి, వాటి పైన గ్రేటర్ బెంగళూరు ప్రాధికార సంస్థ. మీకు ముందున్నవారు అప్పగించిన ఫోను నంబర్ల పుస్తకం చాలావరకు చెల్లదు. ముందు దాన్ని సరిచేయండి.

పరిష్కారం: పని మొదలయ్యే మూడు రోజుల ముందు ఒకే ఒక్క పేజీ పంపండి. వీధుల పేర్లు, తేదీలు, బండ్లు ఎటు మళ్లాలి, రాత్రి పదకొండుకైనా ఫోనెత్తే ఇంజనీరు నంబరు, అంతే. పద్నాలుగు పేజీల ప్రాజెక్టు నివేదికను ఎవరూ చదవరు, నేనూ చదవను. కాగితం ఎమ్మెల్యే పేరున వెళ్లినా మొదట చదివేది ఆయన ఆంతరంగిక సహాయకుడు. ఆయనకు ఫోను చేసి "అందిందా అండీ?" అని అడగండి. అధికారపక్షమైనా ప్రతిపక్షమైనా ఒకే గంటలో పంపాలి. ఒకరికి పొద్దున, మరొకరికి సాయంత్రం వెళ్తే ఆ మధ్య గంటలకు అర్థాలు పుట్టుకొస్తాయి. గుద్దలి పూజ (భూమిపూజను ఇక్కడ అలాగే అంటారు) ఉంటే ఆహ్వానంలో పేర్ల వరుసను ప్రోటోకాల్ విభాగం చూసేదాకా అచ్చుకు ఇవ్వకండి. స్థానిక ఎమ్మెల్యే పేరు జారిపోతే అది సభాహక్కుల ఫిర్యాదు దాకా వెళ్లవచ్చు.

సమావేశం పెడితే అవే ఏడు ముఖాలు

మంగళవారం పదకొండు గంటలకు కల్యాణ మండపంలో పెడితే పింఛనుదారులు, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి వస్తారు. వాళ్లు అక్కర్లేదని కాదు. వాళ్లలో ఒకాయన మురుగు కాలువ వాలు లెక్కను మా ఇంజనీరు కంటే బాగా చెప్పారు. కానీ ఆ గోతిని రోజూ దాటేవాళ్లు ఆ సమయానికి రాలేరు. పీజీ హాస్టళ్లలో ఉండే పిల్లలు ఆఫీసులో ఉంటారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు, మూడున్నర మధ్యే తీరిక. దుకాణదారును సాయంత్రం ఆరు తర్వాత కదిలిస్తే బేరం పోయిందని విసుక్కుంటాడు.

ఒక పెద్ద సభను నాలుగు చిన్న కూటములు చేయండి. మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో నేను రాత్రి ఎనిమిదిన్నరకు, యజమానిని అడిగి, ఒక ఆంధ్రా మెస్సులో కూర్చున్నాను. రెండోసారి పప్పు వడ్డించే లోపు ఒక కుర్రాడు, "సార్, మీరు తవ్వబోయే సందు రెండో చివర గేటుకు తాళం ఉంటుంది. బైకులు ఎటు పోవాలి?" అన్నాడు. మా మ్యాపులో ఆ గేటే లేదు.

నోటీసు అంటించాం, అయినా "మాకెవరూ చెప్పలేదు" అంటున్నారు

తవ్వకం దగ్గర ఉండే బోర్డు మీద ఏముంటుంది? "కామగారి ప్రగతియల్లిదె." లిపి దగ్గరిది కనుక మనవాళ్లు కన్నడాన్ని కూడబలుక్కుని చదివేస్తారు, అర్థం మాత్రం ఎటో వెళ్లిపోతుంది. కన్నడంలో కామగారి అంటే నిర్మాణ పని. బోర్డు ముందు నిలబడిన ఒక పెద్దావిడ నన్నడిగింది: "ఈ కామ గారు ఎవరు బాబూ? ఆయన ప్రగతిలో ఉన్నారట, మా గుమ్మం ముందు గొయ్యి మాత్రం పూడ్చలేదు."

పరిష్కారం: కన్నడమే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది రాష్ట్ర అధికార భాష. దాన్ని కిందికి నెట్టి తెలుగునో హిందీనో పైకి ఎక్కిస్తే ఇంకో గొడవకు మీరే గొయ్యి తవ్వినట్టు. మిగతా భాషలకు ఫోనే దారి. తెలుగులో, తమిళంలో, హిందీలో నలభై సెకన్ల గొంతు సందేశం రికార్డు చేసి పీజీ మేనేజర్లకు, వాచ్‌మన్లకు పంపండి. బోర్డు మీద బాణం గుర్తు, తేదీ ఉంటే చాలు. దాన్ని కాంపౌండు గోడకు కాకుండా జనం ఆగే చోట, నందిని పాల బూతు పక్కన పెట్టండి.

"మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని సందేశం వెళ్లింది, గొయ్యి అక్కడే ఉంది

ఫిర్యాదును మూసే అధికారం పని చేయాల్సిన మనిషి చేతిలోనే ఉంది. దాన్ని తీసి మీ విభాగానికి ఇవ్వండి. పూడ్చిన ఫోటో వచ్చి, ఫిర్యాదుదారు ఫోనులో అవునన్నాకే మూయండి. పెండింగు సంఖ్య పెరిగి పైఅధికారి కోప్పడతారు. కోప్పడనివ్వండి.

తారు వేసి నెల కాలేదు, మళ్లీ తవ్వారు

అనుమతి కాగితాల మీద రెండు శాఖలూ కలిశాయి, వీధిలో మాత్రం ఆ ఇద్దరు సహాయక ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. దానికి తోడు మార్చి 31. నిధులు మురిగిపోతాయని పైపు పడకముందే తారు పోసేస్తారు. ఉత్తరాలతో ఇది తెగదు. ఇద్దరినీ పొద్దున ఏడింటికి వీధిలో నడిపించండి. నేను జేబులో చాక్‌పీసు పెట్టుకుని వెళ్తాను. ఎవరి పైపు ఎక్కడో నేల మీదే గీయించి, ఎవరు ముందు తవ్వాలో, తారు ఎవరు వేయాలో రాసి, జీపు బానెట్ మీదే ఇద్దరితో సంతకం పెట్టిస్తాను. ఆఫీసుకు వెళ్లాక పంపుతామంటే ఆ కాగితం ఇక రాదు.

జనం ముందు "అది మా శాఖ కాదు" అనకండి. "వాళ్లతో మాట్లాడి రేపు సాయంత్రానికి మీకు ఫోను చేస్తాను" అనండి, చేయండి.

శాసనసభ ప్రశ్నకు ఒక జవాబు, సమాచార హక్కు దరఖాస్తుకు మరొకటి

శీతాకాల సమావేశాలు బెళగావి సువర్ణ విధానసౌధలో జరిగినప్పుడు ఈ జబ్బు ముదురుతుంది. కార్యదర్శి 500 కిలోమీటర్ల దూరంలో, ఫైలు బెంగళూరులో. హడావిడిగా చెప్పిన పొడవు 2.1 కిలోమీటర్లు, రెండు నెలల కింద సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులో 1.8. రెండూ నిజమే కావచ్చు, కొలిచిన రోజులు వేరు. నవంబరులోనే నియోజకవర్గానికి ఒక పేజీ చొప్పున, కొలిచిన తేదీతో అంకెలు సిద్ధం చేసుకోండి. ఎక్కడ జవాబిచ్చినా ఆ పేజీ నుంచే ఇవ్వాలి. చుక్క గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వస్తాయి, కాబట్టి దానికి ఇంకో అర పేజీ.

ఎన్నికల కోడ్ వస్తే మంత్రుల ఫోటోలున్న ఫ్లెక్సీలు ఆరోజే తీయించండి. మొదలైన పని సాగుతుంది, కొత్తది ఆగుతుంది. ఈ తేడాను జనానికి మీరే చెప్పండి.

మీరు చెప్పే తేదీని ఎవరూ నమ్మడం లేదు

ఇది నేను చేసిన తప్పే. ఒక సందులో "ఉగాదికల్లా అయిపోతుంది" అన్నాను. గుత్తేదారు కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు, ఉగాదీ వెళ్లిపోయింది. నేను ఆ సందువైపు పోలేదు. నెల తర్వాత వెళ్తే కుట్టుమిషను ముందు కూర్చున్న తెలుగావిడ తల ఎత్తకుండానే అడిగింది, "ఏ ఉగాది సార్?"

పని జాప్యమైనందుకు ఆవిడకు కోపం లేదు. కొట్టు ముందు పలక వేయించుకోవాలా, అద్దెకు ఇంకో గది చూసుకోవాలా అన్నది తేల్చుకోలేక నెల రోజులు పోయినందుకు. తేదీ జారుతోందని మీకు తెలిసిన రోజే, గడువు ఇంకా రాకముందే చెప్పాలి. ఒక తేదీ కాకుండా రెండు చెప్పండి: అన్నీ సాగితే ఇది, వాన పడితే అది.

ఆవిడ గోడ క్యాలెండరులో ఇప్పుడు మే 18 చుట్టూ నేను గీసిన పెన్సిలు సున్నా ఉంది, మే 30 చుట్టూ ఇంకొకటి. మే 15న ఆవిడకు ఫోను చేయాలని నా ఫోనులో అలారం పెట్టుకున్నాను.