సింథ్ సర్క్యూట్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అనలాగ్ స్విచ్ చిప్‌లు

గత పాఠంలో ఇన్వర్టింగ్ ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను తలకిందులు చేసి ఇచ్చే యాంప్లిఫయర్) మైనస్ ఇన్‌పుట్ ఎప్పుడూ సున్నా వోల్టుల దగ్గరే నిలిచి ఉంటుందని చూశాం. ఆ సంగతి ఈ పాఠంలో మళ్లీ పనికొస్తుంది.

అనలాగ్ స్విచ్ అంటే చేత్తో కాకుండా ఒక కంట్రోల్ వోల్టేజితో సిగ్నల్ దారిని కలిపే, విడదీసే చిప్. సీక్వెన్సర్లలోనూ (స్వరాలను వరుసగా నడిపేవి), శాంపుల్ అండ్ హోల్డ్ సర్క్యూట్లలోనూ (ఒక క్షణపు వోల్టేజిని పట్టి నిలిపి ఉంచేవి) ఎక్కువగా కనిపించేది 4066. పద్నాలుగు కాళ్ల ఈ చిప్‌లో నాలుగు స్విచ్‌లు ఉంటాయి. 1, 2 కాళ్ల మధ్య ఉన్న స్విచ్‌ను 13వ కాలు నడుపుతుంది: దానికి హై ఇస్తే స్విచ్ కలుస్తుంది, లో ఇస్తే విడిపోతుంది. సిగ్నల్ ఎటు నుంచి ఎటైనా వెళ్లగలదు కాబట్టి, పటంలో ఒక కాలి పక్కన ఇన్ అనీ మరొక దాని పక్కన అవుట్ అనీ రాసి ఉన్నా ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవలసినవి సప్లై కాళ్లు. చాలా పటాల్లో వాటిని స్విచ్‌ల పక్కన గీయకుండా ఒక మూల విడిగా చూపిస్తారు కనుక, కొత్తవాళ్ల చూపు అటు పోదు. నా మాట వినండి, ముందు ఆ మూలకే వెళ్లండి. 4066లో 14వ కాలికి ప్లస్, 7వ కాలికి మైనస్ వస్తాయి; స్విచ్ గుండా పోయే సిగ్నల్ ఈ రెండింటి మధ్యే ఉండాలి. 14వ కాలు +12 వోల్టులకూ, 7వ కాలు గ్రౌండ్‌కూ కలిపి ఉన్న చోట ±5 వోల్టుల ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) సిగ్నల్‌ను నేరుగా ఇస్తే, పై సగం చక్కగా వెళుతుంది. కింది సగం మాత్రం దాదాపు −0.6 వోల్టుల దగ్గర చిప్ లోపలి రక్షణ డయోడ్‌ను తెరిచి అక్కడే తెగిపోతుంది. అలాగని 7వ కాలిని −12కు కలపకూడదు. అప్పుడు చిప్ మీద 24 వోల్టులు పడతాయి, అది తట్టుకోగల గరిష్ఠం 20. అందుకే ±12 వోల్టుల సప్లై మీద నడిచే యూరోరాక్ (ఒక రకం మాడ్యులర్ సింథ్) పటాల్లో ఈ చిప్‌ల కోసం ±5 వోల్టుల చిన్న రెగ్యులేటర్లు కనిపిస్తాయి.

ఇక కంట్రోల్ కాలి సంగతి. 4066ను ±5 మీద నడిపితే, స్విచ్ విడిపోవడానికి కంట్రోల్ −5కు దిగాలి. మైక్రోకంట్రోలర్ ఇచ్చే సున్నా అప్పుడు సరిగ్గా మధ్యలో పడుతుంది. పటంలో కంట్రోల్‌కు ముందు ఒక ట్రాన్సిస్టర్ గానీ కంపారేటర్ (రెండు వోల్టేజిలను పోల్చే సర్క్యూట్) గానీ ఉంటే, అది ఈ స్థాయి మార్పు కోసమే. 4053లో ఈ ఏర్పాటు చిప్‌లోనే ఉంది: 16వ కాలు +5, 8వ కాలు గ్రౌండ్, 7వ కాలు −5 అయితే, కంట్రోల్‌కు 0–5 వోల్టులు చాలు, సిగ్నల్ మాత్రం ±5 మధ్య తిరగవచ్చు. పైగా ఇందులో ఉన్న మూడు స్విచ్‌లలో ప్రతి ఒక్కటీ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది.

కలిసి ఉన్న స్విచ్ కూడా తీగ ముక్కతో సమానం కాదు. 10 వోల్టుల సప్లై మీద 4066 నిరోధం సుమారు 180 ఓమ్‌లు, అది సిగ్నల్ వోల్టేజిని బట్టి మారుతూ ఉంటుంది. ఆ మార్పే ధ్వనిలో వక్రీకరణగా వినిపిస్తుంది. దీనికి మంచి డిజైనర్లు ఎంచుకునే ఉపాయం నాకెంతో ఇష్టం: స్విచ్‌ను 100కె ఇన్‌పుట్ రెసిస్టర్‌కూ ఆప్‌యాంప్ మైనస్ ఇన్‌పుట్‌కూ మధ్య పెడతారు. అక్కడ వోల్టేజి సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి నిరోధం దాదాపు మారదు, ఉన్న 180 ఓమ్‌లు కూడా లక్ష ఓమ్‌ల ముందు 0.2 శాతమైనా కావు. అయితే 4066 విడిపోయినప్పుడు ఆ రెసిస్టర్ చివర సిగ్నల్ పూర్తి వోల్టేజికి లేస్తుంది. 4053 వాడి రెండో దారిని గ్రౌండ్‌కు కలిపితే ఆ బిందువు రెండు స్థితుల్లోనూ సున్నా దగ్గరే నిలుస్తుంది, కనుక ±10 వోల్టుల సిగ్నల్‌ను కూడా ±5 మీద నడిచే చిప్ నిశ్చింతగా మారుస్తుంది. పటంలో గ్రౌండ్‌కు పోయే ఆ గీత దేనికో ఇక మీకు తెలుసు.

అభ్యాసం: బ్రెడ్‌బోర్డ్ మీద 4066కు 9 వోల్టుల బ్యాటరీ ఇవ్వండి. 13వ కాలిని ప్లస్‌కూ, వాడని 5, 6, 12 కాళ్లను మైనస్‌కూ కలపండి. కంట్రోల్ కాళ్లను గాలిలో వదలకూడదు. 1వ కాలిని ప్లస్‌కు, 2వ కాలిని 10కె రెసిస్టర్ ద్వారా మైనస్‌కు కలిపి, ముందుగా 1, 2 కాళ్ల మధ్య వోల్టేజిని, తర్వాత రెసిస్టర్ మీది వోల్టేజిని కొలవండి. రెండో దాన్ని పది వేలతో భాగిస్తే కరెంటు తెలుస్తుంది; మొదటి దాన్ని ఆ కరెంటుతో భాగిస్తే స్విచ్ నిరోధం వస్తుంది. ఇప్పుడు ప్లస్‌కూ 1వ కాలికీ మధ్య మరో 10కె చేర్చి, సిగ్నల్ సప్లై నడిమికి వచ్చినప్పుడు ఆ నిరోధం ఎంత మారిందో లెక్కగట్టి రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో శాంపుల్ అండ్ హోల్డ్ కెపాసిటర్ ఎంత వేగంగా నిండుతుందో ఈ అంకెతోనే లెక్కిద్దాం.